పది లక్షల్లో మా పల్లెకి ఏ కారు కొనాలి? టేపుతో కొలిచి కొన్నవాడి జవాబు

అల్లవరం దగ్గర పల్లె, నలుగురు మనుషులు, పది లక్షల బడ్జెట్టు, చిన్న కారు తీసుకోవాలా లేక ఇప్పుడందరూ కొంటున్న మినీ ఎస్‌యూవీయా, రంగు తెలుపా ఎరుపా, ఇదీ మీరడిగింది. నేను ఒకటే అడుగుతానండి, మీ ఇంటికెళ్ళే కాలవ గట్టు వెడల్పు ఎన్ని అడుగులు? తెలీదు కదా. పదేళ్ళు మా గట్టు మీదే తిరిగిన నాకూ తెలీలేదు, ఓ రాత్రి కారు సగం కాలవలోకి వేలాడేదాకా.

మాది కోనసీమలో అంబాజీపేట దగ్గరండి, కొబ్బరి వ్యాపారం. రోజూ తోటలెంట తిరగాలి కాబట్టి 2021లో కారు కొందామనుకున్నా. మా బావమరిది హైదరాబాద్‌లో ఉంటాడు, సంక్రాంతికి మూడ్రోజులు తప్ప మా ఊరొచ్చేది లేదు, అయినా మా ఇంట్లో ఏం కొన్నా వాడే చెప్పాలి. "బావా, మీ రోడ్లు బాగోవు, గ్రౌండ్ క్లియరెన్స్, అదే బండి కింద ఎత్తు, ఉండాలి, సన్‌రూఫ్ కూడా చూసుకో" అన్నాడు. సన్‌రూఫ్ ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఎండాకాలం తీస్తే మాడు కాలిపోద్ది, వానాకాలం తియ్యలేం, మిగిలిన రెండు నెలలు దోమలు. సరే, వాడి మాట విని మినీ ఎస్‌యూవీ కొన్నా. పేరు చెప్పను, తప్పు బండిది కాదు, నాదే.

తర్వాతి ఏడు ఏప్రిల్లో పి.గన్నవరం వైపు పెళ్ళికెళ్ళి వస్తున్నాం. ముందు మా ఆవిడ, వెనకాల మా అబ్బాయీ, అత్తగారూ, ఆవిడ కాళ్ళ దగ్గర పెళ్ళివారిచ్చిన పనసకాయ. రాత్రి ఏడున్నరైంది, మెయిన్ రోడ్డు మీద ఊరేగింపేదో ఉందంటే కాలవ గట్టు పట్టుకున్నా. దాళ్వా, అదే రెండో పంట వరి, కోతల టైము. కాలవకి నీళ్ళాపే గేట్లున్న లాకులు దాటి అరకిలోమీటరు వచ్చామో లేదో ఎదురుగా ధాన్యం బస్తాలతో ట్రాక్టర్. ఒక పక్క కాలవ, ఒక పక్క చేలు, పక్కకి తప్పుకోడానికి జాగా లేదు. తొట్టి తగిలించిన ట్రాక్టర్ని అంత దూరం వెనక్కి తోలడం ఎంత కష్టమో మీకు తెలుసు కదా, ఇటు తిప్పితే తొట్టి అటు పోద్ది. కాబట్టి వెనక్కెళ్ళాల్సింది నేనే.

కెమెరా ఉందిలే అని ధైర్యంగా రివర్స్ వేశా. తెర మీద పచ్చ గీతలు చక్కగా ఉన్నాయి, గీతల వెనకాల మాత్రం చీకటీ దుమ్మూ. మా ఆవిడ దిగి "రండి, రండి, ఇంకొంచెం రండి" అంటా ఉంది. కాలవకి నీళ్ళు ఆపేసి వారమైంది, పూడిక తీసిన మట్టి గట్టు అంచున పోశారు, పైకి ఎండి గట్టిగానే కనపడుతోంది గానీ లోపలంతా గుల్ల. ఎడమ వెనక చక్రం దాని మీద పడ్డం, దబ్బున కూరుకుపోవడం, కారు వాలిపోవడం. నా గుండె జారిపోయింది. వెనకనించి అత్తగారు ఎంతో నెమ్మదిగా, "అల్లుడుగారూ, పనసకాయ అటు జారిపోతోందండీ" అన్నారు. ఆవిడ బాధ అది.

ఎడమ తలుపు తీస్తే కింద కాలవే, నీళ్ళు లేవు గానీ బురదా గుర్రపుడెక్కా. పట్టుచీర మీదున్న పెద్దావిణ్ణి వాలిపోయిన సీటు మీద నుంచి కుడిపక్కకి పాకించి దించడానికి పావుగంట పట్టింది. మావాడు నవ్వుతున్నాడు, వాడి వయసు అలాంటిది. పక్క తోటలోంచి కొబ్బరికాయలు ఒలిచే కుర్రాళ్ళు ఏడెనిమిది మంది వచ్చారు, నరికి పడేసిన కొబ్బరి మొద్దు ఒకటి దొర్లించుకొచ్చి చక్రం కింద పెట్టి, ట్రాక్టర్ లైట్ల వెలుగులో ఒక్క ఊపున గట్టెక్కించేశారు. డబ్బులిస్తే తీసుకోలేదు, పనసకాయ ఇచ్చా. అత్తగారు వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వెళ్తా వెళ్తా ట్రాక్టరాయన, "ఏమనుకోకండి, ఇంత బండి ఇక్కడికెందుకండీ, చిన్నదైతే మీరూ నేనూ ఎప్పుడో తప్పుకుని పోదుం" అన్నాడు.

ఆ మాటతో రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే టేపు తీసుకెళ్ళి కొలిచా. గట్టు ఇరుకైన చోట పన్నెండడుగులు. ఊళ్ళో ట్రాక్టర్ తొట్టి కొలిస్తే ఆరున్నర. మిగిలింది అయిదున్నర అడుగులు. ఇప్పుడు కార్ల వెడల్పులు చూడండి. ఆల్టో కె10 1490 మిల్లీమీటర్లు, అంటే అయిదడుగుల లోపే. వ్యాగన్ఆర్ 1620, అయిదడుగుల నాలుగంగుళాలు. స్విఫ్ట్ 1735, పంచ్ 1742. బ్రెజా 1790, దాదాపు అయిదడుగుల పదకొండంగుళాలు, ఇన్నోవా క్రిస్టా 1830, నిండా ఆరడుగులు. ఇవి పక్క అద్దాలు కలపని లెక్కలు. మా గట్టు మీద మొదటి రెండూ దూరతాయి, రెండోది అద్దాలు మూసుకుని, ఊపిరి బిగబట్టుకుని.

తమాషా ఏంటంటే గవర్నమెంటు పొడవే కొలుస్తుంది. నాలుగు మీటర్ల లోపుండి పెట్రోలు ఇంజను 1200 సీసీ దాటకపోతే పన్ను తక్కువ, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 18 శాతమే. అందుకని కంపెనీలు పొడవు అక్కడికి ఆపేసి, దర్జా చూపించుకోడానికి అడ్డంగా పెంచుతున్నాయి. ఇది నా థియరీ, ఎవరొప్పుకున్నా లేకపోయినా. రివ్యూలు చేసే కుర్రాళ్ళు కూడా ఘాట్ రోడ్డెక్కి తిప్పుతారు గానీ ఒక్కడు కాలవ గట్టు మీద ట్రాక్టర్‌కి ఎదురెళ్ళి చూపించడు.

ఏడాది తిరక్కుండా నష్టానికి అమ్మేసి వ్యాగన్ఆర్ కొన్నా. టేపు పట్టుకుని వెళ్తే షోరూం కుర్రాడు "గ్యారేజీకా సార్?" అన్నాడు, గట్టుకి అన్నా, నవ్వాడు. అదే కుర్రాడు బిల్లులో హ్యాండ్లింగ్ చార్జీలని ఓ లైను రాశాడు. ఏం హ్యాండిల్ చేశావయ్యా అంటే జవాబు లేదు, గొడవపడితే తీసేశాడు. మీరూ అడగండి. బండిలో అత్తగారు మోకాళ్ళు పట్టుకోకుండా ఎక్కి దిగుతున్నారు, లాకుల దగ్గర తేలిగ్గా తిరిగిపోద్ది.

దీనికి కార్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో 2023లో ఒక్క స్టారే వచ్చిందని ఎవరో ఒకరు అంటారు. వచ్చింది, కాదనను. వారం వారం 216 హైవే మీద కాకినాడో, ఇంకా పైకో పోయేవాళ్ళయితే అయిదు స్టార్లొచ్చిన పంచ్ చూసుకోండి, ముందు గట్టు కొలుచుకుని. నేను గట్టు మీద పాతిక స్పీడు దాటను, నాకు గుద్దుకోవడం కంటే జారిపోవడం భయం.

ఇక గ్రౌండ్ క్లియరెన్స్ ఉంటే వరదకి పనికొస్తుందంటారు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఏం పనికొచ్చింది? అంత నీటిలో రెండంగుళాల ఎత్తు ఏం చేస్తుందండి, కార్లన్నీ ఏటిగట్టెక్కించుకున్నాం. మా వీధిలో ఒకాయన బండి నీళ్ళలో ఉండిపోయింది, నీళ్ళు తియ్యగానే ఆత్రం కొద్దీ స్టార్ట్ చేశాడు, ఇంజన్లోకి పోయిన నీళ్ళకి లోపల రాడ్లు వంగిపోయాయి. ఇన్సూరెన్సువాళ్ళు ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకోలేదు కదా అని చేతులెత్తేశారు. సన్‌రూఫ్ డబ్బుల్లో చిన్న ముక్క దానికి పెట్టండి చాలు. నీళ్ళలో మునిగిన బండిని తాళం తిప్పకుండా మెకానిక్ దగ్గరికి లాక్కెళ్ళండి.

రంగు కూడా అడిగారు కదా. మాది తెలుపు. టాపు మీద చిన్న సొట్ట ఉంది, కొబ్బరికాయల దింపు ఉన్న రోజు కారు బయటెట్టమని మా ఆవిడ పొద్దున్నే చెప్పింది, మర్చిపోయి చెట్టు కిందే వదిలేశా. ఎరుపైతే ఆ సొట్ట తక్కువ కనపడేదేమో మరి, అది నాకూ అనుభవం లేదు.