బీచ్‌లో పీత పిల్లల్ని దగ్గర్నుంచి చూడాలంటే

"చెన్నై తిరువాన్మియూర్ బీచ్‌లో బఠాణీ గింజంత పీతలు కూడా మనం పదడుగుల దూరంలో ఉండగానే కలుగులోకి దూరిపోతున్నాయి. పిల్లలకు ఎలా చూపించాలి?" అని అడిగారు. కూర్చోండి. వీలైతే బోర్లా పడుకోండి.

మాది నెల్లూరు, ఉండేది బీసెంట్ నగర్. మా వైపు ఎండ్రకాయలంటే పులుసుకే గానీ చూడ్డానికి కాదు కదా! అయినా మా పాప పోరు పడలేక మూడు ఆదివారాలు ఇసుకలో వాటి వెంట పరిగెత్తాను. ఒక్కటీ దొరకలేదు. నాలుగో వారం అలిసిపోయి టవల్ పరుచుకుని పడుకున్నాం. కాసేపటికి పాప "నాన్నా, కదలకు" అంది. మూరెడు దూరంలో, కలుగు అంచున గుండుసూది తలల్లాంటి రెండు నల్ల చుక్కలు లేచాయి. కళ్లు! తర్వాత ఒంటి రంగంతా ఇసుకలో కలిసిపోయిన పిల్ల పీత బయటికొచ్చి, కాళ్ల మధ్య ఇరికించి తెచ్చిన ఇసుకను విసిరేసి మళ్లీ లోపలికెళ్లింది. పక్కనే ఇంకొకటి వచ్చింది. "అదిగో" అంటూ నేను చెయ్యెత్తానో లేదో, రెండూ మాయం.

తర్వాత చదివితే తెలిసింది. వీటి కళ్లు కాడల మీద ఉంటాయి, చుట్టూ ఒకేసారి కనిపిస్తుంది. బురదనేలల్లో ఉండే ఫిడ్లర్ పీతల మీద ఈ విషయంలో మంచి పరిశోధన జరిగింది. బల్లపరుపు నేల మీద, ఆకాశం నేలను తాకే గీత కంటే కింద కదిలేది వాటికి తోటి పీత. ఆ గీత దాటి పైకి లేచిందంటే శత్రువు. కాకైనా, నా చెయ్యైనా ఒకటే. చూపు మనకున్నంత పదును కాదు, కానీ ఇంత తేడా పట్టడానికి పదునెందుకు?

ఇంకో తమాషా ఏమిటంటే, కాస్త దూరం వెళితే నేలకు అంత దగ్గరగా ఉండే కళ్లకు సొంత కలుగే కనిపించదు. అందుకే ఎటు, ఎంత నడిచాయో లెక్క పెట్టుకుంటాయి. ప్రయోగాల్లో ఫిడ్లర్ పీతను పక్కకు జరిపి బెదిరిస్తే, అది పాత లెక్క ప్రకారమే పరిగెత్తి, కలుగు లేని చోట కలుగు వెతుక్కుంది. పాపం అనిపించింది.

వెళ్తే పొద్దున్నే వెళ్లండి. మన బీచ్‌లో సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు, సముద్రానికి ఎదురుగా ఉంటే మీ నీడ వెనక్కి పడుతుంది. సాయంత్రం ఆ నీడే ముందుకు పాకి వాటిని తరిమేస్తుంది. రాత్రిపూట టార్చ్ కొట్టి పట్టుకునే సరదా మాత్రం నాకు నచ్చదు.

పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, వేలు చూపించకూడదు, గడ్డంతోనే చూపించాలి. మా ఇంట్లో రిమోట్ ఎక్కడుందో కూడా ఇప్పుడు పాప అలాగే చూపిస్తోంది.