ఎన్‌ఎస్‌ఎస్ స్క్రాప్‌బుక్: థీమ్ మీ బ్యాడ్జీ మీదే ఉంది

ఏడు రోజుల ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) క్యాంపు ఫొటోలు రెండొందలున్నాయి, థీమ్ తట్టట్లేదు, అంటించిన పేజీలు ముడతలు పడుతున్నాయి అన్నారు కదా. టెన్షన్ వద్దండి. ఎన్‌ఎస్‌ఎస్ బ్యాడ్జీ మీదున్నది కోణార్క్ సూర్యదేవాలయ చక్రం. దాని ఎనిమిది ఆకులు (చక్రం చువ్వలు) రోజులోని 24 గంటలకు గుర్తు, అంటే ఆకుకు మూడు గంటలు. తేదీలు పక్కనపెట్టి, వారం మొత్తాన్నీ ఒకే రోజులా పేర్చండి: తెల్లవారుజామున ప్రభాతభేరి, పొద్దెక్కాక శ్రమదానం, మధ్యాహ్నం పప్పన్నం బంతి, సాయంత్రం ఇంటింటి సర్వే. నలభై ఫొటోలు చాలు. మా పుస్తకంలో అందరూ ఆగి చూసింది పార పట్టి బొబ్బలెక్కిన ఓ అరచెయ్యినే! గ్రూప్ ఫొటోలు ఎవరూ చూడరు.

ముడతలు జిగురులోని తడి వల్ల. మందపాటి చార్ట్ మీద డబుల్ సైడ్ టేప్ వాడండి. బస్ టికెట్లయితే జిరాక్స్ తీసి అంటించండి, అసలు వాటి మీద అక్షరాలు వెలిసిపోతాయి.