వీసా ఇంకా రాలేదు, కార్డు పాయింట్లు మైళ్లుగా మార్చేయనా?

ప్రశ్న: మేం డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఫిబ్రవరిలో నా భార్యకు డెలివరీ. జనవరి మొదటి వారంలో మా అత్తయ్య, మామయ్యలను హైదరాబాద్ నుంచి రప్పించాలి. చేజ్ బ్యాంకు క్రెడిట్ కార్డులో 2,40,000 పాయింట్లు ఉన్నాయి. వాటిని బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఏవియోస్‌గా (ఆ ఎయిర్‌లైన్ మైళ్లు, ఖతార్‌లోనూ చెల్లుతాయి) మార్చుకుంటే 30 శాతం బోనస్ అంటున్నారు, అక్టోబర్ 31 ఆఖరు. ఖతార్ ఎయిర్‌వేస్‌లో ఒక్కొక్కరికి రానూపోనూ టికెట్ 1,350 డాలర్లు ఉంది. ఏవియోస్‌తో అయితే 1,05,000, పైన పన్నులు 220 డాలర్లు. సీట్లు ఉన్నాయో లేదో ఇంకా చూడలేదు. వాళ్ల వీసా ఇంటర్వ్యూ నవంబర్ 10న. కార్డు బిల్లు ప్రతి నెలా పూర్తిగా కట్టేస్తాను. గడువు దగ్గర పడుతుంటే టెన్షన్‌గా ఉంది. ఇప్పుడే మార్చేయమంటారా?

జవాబు: వద్దండీ. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో ఆ ఇంటర్వ్యూ అయ్యి, పాస్‌పోర్టుల మీద వీసా స్టాంపు పడేదాకా పాయింట్లను చేజ్‌లోనే ఉంచండి. బిల్లు పూర్తిగా కడుతున్నానని రాశారు కాబట్టి ఇంత వివరంగా చెబుతున్నాను. బాకీ మీద వడ్డీ కడుతుంటే మాత్రం పాయింట్లన్నీ నగదు చేసి ఆ బాకీ తీర్చేయమని ఒక్క ముక్కలో ముగించేవాణ్ని.

ముందు మీ లెక్కే చూద్దాం. చేజ్ పాయింటును నగదుగా తీసుకుంటే ఒక్కోదానికి ఒక సెంటు వస్తుంది. మైళ్లుగా మారిస్తే అంతకన్నా ఎక్కువ రావాలి, లేకపోతే ఈ తిప్పలెందుకు? బోనస్ లేకుండా ఇద్దరికీ 2,10,000 పాయింట్లు ఖర్చయి, 2,700 డాలర్ల టికెట్లలో పన్నులు 440 పోగా 2,260 డాలర్లు మిగులుతాయి. అవే పాయింట్లను నగదు చేస్తే 2,100. అంటే ఇంత హడావిడికి మీకు మిగిలేది 160 డాలర్లు. డబ్బు పెట్టి కొన్న టికెట్ మీద వచ్చే మైళ్లూ, కార్డు పాయింట్లూ కలుపుకుంటే ఆ తేడా ఇంకా తగ్గిపోతుంది.

బోనస్ ఉంటే లెక్క మారుతుంది, కాదనను. 1,62,000 పాయింట్లు పంపితే 2,10,600 ఏవియోస్ అవుతాయి, అప్పుడు లాభం 640 డాలర్లు. అంటే మీరు పోగొట్టుకుంటానేమోనని కంగారు పడుతున్న బోనస్ విలువ 48,000 పాయింట్లు, అంటే 480 డాలర్లు. దాని కోసం 1,62,000 పాయింట్లను వెనక్కి రాని చోటికి పంపాలి. ఒకసారి ఎయిర్‌లైన్ ఖాతాలోకి వెళ్లాక అవి మళ్లీ చేజ్‌కు రావు. టికెట్ బుక్ చేసి తర్వాత రద్దు చేసుకున్నా ఏవియోస్ మళ్లీ ఏవియోస్ ఖాతాలోనే పడతాయి. రేపు 214(బి) కింద, అంటే తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని వీసా నిరాకరిస్తే, చేతిలో పసిబిడ్డతో మీరు ఆ మైళ్లను ఎప్పుడు వాడతారు? ఈలోగా ఎయిర్‌లైన్ మైళ్ల రేటు పెంచినా అడిగేవాడుండడు.

సీటు సంగతి ఇంకా పెద్దది. సెలవులకు ఇండియా వెళ్లినవాళ్లంతా జనవరి మొదటి వారంలోనే తిరిగి అమెరికా విమానాలు ఎక్కుతారు. ఆ రోజుల్లో మైళ్లకు ఇచ్చే సీట్లు ఒకే విమానంలో రెండు దొరకడం కష్టం. పెద్దవాళ్లను వేర్వేరు విమానాల్లో ఎక్కించలేం కదా. మీరు చూసింది రేటు మాత్రమే, సీటు కాదు. నేనూ ఒకసారి ఇలాగే దెబ్బ తిన్నాను. స్క్రీన్ మీద సీటు కనిపించింది కదా అని 60,000 పాయింట్లు మార్చేశాను, బుక్ చేయబోతే సీటు లేదంది. కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే అసలు లేని సీటే కనిపించిందట! ఆ మైళ్లు వాడుకోవడానికి రెండేళ్లు పట్టింది.

ఏవియోస్‌తో లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో రప్పిస్తే ఎలా ఉంటుందని కూడా మీకు అనిపించవచ్చు. అటు మైళ్లు తక్కువగా కనిపించినా సర్‌చార్జీల పేరుతో వందల డాలర్లు వసూలు చేస్తారు. దోహా మీదుగా ఒక్క మార్పుతో డల్లాస్ చేరడమే అత్తయ్యగారికి సుఖం. వీల్‌చెయిర్ మాత్రం బుకింగ్ అప్పుడే అడగండి. ఇక బిజినెస్ క్లాస్‌తో పోల్చి పాయింటుకు నాలుగు సెంట్ల విలువ వచ్చిందని చెప్పే వీడియోలు చూసి ఆశపడకండి. 4,500 డాలర్లు పెట్టి మీరు ఎలాగూ కొనని టికెట్ ధర మీ లెక్కలోకి రాదు.

వీసా వచ్చాక నేనైతే టికెట్లు డబ్బు పెట్టే కొంటాను. 2,40,000 పాయింట్లను నగదు చేస్తే 2,400 డాలర్లు వస్తాయి, రెండు టికెట్లకు మీ చేతి నుంచి పడేది 300. ఆ వయసువాళ్లు వస్తున్నప్పుడు విజిటర్స్ ఇన్సూరెన్స్ ఖర్చు ఎలాగూ ఉంటుంది, దానికి జేబులో డబ్బు మిగలాలి. ఒక్క సందర్భంలో నా మాట మార్చుకుంటాను: తిరుగు ప్రయాణం ఏప్రిల్‌లోనా, జూన్‌లోనా అన్నది తేలకపోతే. చవక టికెట్‌లో తేదీ మార్చాలంటే చార్జీతో పాటు ధర తేడా కూడా కట్టాలి. మే చివర్లో ఇక్కడ బడులకు సెలవులు ఇవ్వగానే ఆ తేడా వాచిపోతుంది. మైళ్ల టికెట్ అయితే కొద్దిపాటి రుసుముతో రద్దు చేసుకుని మరో తేదీ వెతుక్కోవచ్చు. ఆ వెసులుబాటు కావాలనుకుంటే, ఇద్దరికీ సీట్లు ఉన్నాయని తేలిన రోజునే, వాటికి సరిపోయినన్ని పాయింట్లు మాత్రమే పంపండి.

31 లోగా చేయాల్సింది ఒక్కటే, దానికి ఖర్చు లేదు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో, ఖతార్‌లో మీ పేరు మీద ఖాతాలు తెరిచి, రెండింటినీ కలిపి పెట్టుకోండి. పేరు స్పెల్లింగ్ చేజ్‌లో ఎలా ఉందో అచ్చం అలాగే ఇవ్వండి. కొత్త ఖాతాలు కలిపేటప్పుడు ఒక్కోసారి మొరాయిస్తాయి. సీటు దొరికిన రోజు రాత్రి దాంతో కుస్తీ పట్టే బదులు ఆ పని ఇప్పుడే తీరిగ్గా చేసుకోండి.