మణికట్టు నొప్పి: బామ్ పక్కన పెట్టి ఎక్స్‌రే తీయించండి

గాజువాకలో మీ ఇంటి స్లాబుకు కన్నం పెడుతుంటే బిట్ ఊచకు తగిలి డ్రిల్ గిర్రున తిరిగిందని, నాలుగు రోజులైనా కుడి మణికట్టు నొప్పి తగ్గలేదని, బామ్ రాసి మర్దన చేస్తున్నానని రాశారు. దయచేసి ఆ మర్దన ఆపండి.

బొటనవేలిని బాగా వెనక్కి చాపండి. దాని మొదట్లో మణికట్టు పక్కన చిన్న గుంట పడుతుంది. అక్కడ నొక్కితే ప్రాణం లాగేస్తోందా? అయితే స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక చిట్లి ఉండొచ్చు. దానికి రక్తం అందడమే తక్కువ, అశ్రద్ధ చేస్తే అతుక్కోదు. పైగా మొదటి ఎక్స్‌రేలో ఆ చీలిక ఒక్కోసారి కనబడదు. అందుకే ‘ఏమీ లేదు’ అన్నా సరే, నొప్పి ఉంటే డాక్టరు వేసిన పట్టీ తీయకుండా 10-14 రోజులకు మళ్లీ చూపించుకోవాలి. విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఎముకల ఓపీకి వెళ్లినా చూస్తారు. వేళ్లు తిమ్మిరెక్కితే మాత్రం ఈరోజే వెళ్లండి.

ఇక డ్రిల్ సంగతి. మీరు పెట్టిన ఫొటోలో సైడ్ హ్యాండిల్ లేదు. నాకు అసలు భయం వేసింది అక్కడే. బిట్ ఇరుక్కోగానే తిరిగే బలమంతా మణికట్టు మీదే పడుతుంది, ఒంటిచేత్తో ఆపలేం. హ్యాండిల్ బిగించి రెండు చేతులతో పట్టుకోండి. ట్రిగ్గర్ లాక్ వాడొద్దు, వేలు తీయగానే మిషన్ ఆగాలి. స్లాబు పనికి బిట్ ఇరుక్కుంటే జారి మణికట్టు మీద బలం తగ్గించే సేఫ్టీ క్లచ్ ఉన్న రోటరీ హామర్ (కాంక్రీటు డ్రిల్) అద్దెకు తెచ్చుకోవడం మేలు. ఊచ తగిలితే బలంగా తోయకండి, కన్నం కాస్త పక్కకు జరపండి. ఇరుక్కున్న బిట్‌ని ప్లగ్ పీకాకే కదపండి.