రోయింగ్ ఆపేశారు, తూకం ఆపలేదు

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. మావారు ఆర్మీలో హవల్దారు, 37 ఏళ్లు. లైట్‌వెయిట్ రోయింగ్‌లో, అంటే బరువు పరిమితి ఉండే తెడ్ల పడవ పందేల్లో, చాలా ఏళ్లు దేశం తరఫున పోటీ చేశారు. నేషనల్స్‌లో మెడల్స్, ఆసియా స్థాయిలో ఒక కాంస్యం ఉన్నాయి. ఒలింపిక్స్ సెలెక్షన్ రెండుసార్లు చేతిదాకా వచ్చి జారిపోయింది. ఇప్పుడు ఆ ఈవెంటే ఒలింపిక్స్‌లో తీసేశారు. ఏడాది కిందట పోటీలు మానేసి జూనియర్లకు కోచ్‌గా చేరారు. అప్పటినుంచి మనిషి మారిపోయారు. అక్కడ పిల్లల మీద అరుపులు, ఇంట్లో మౌనం. రాత్రి రెండింటికి లేచి హాల్లో ఎర్గో మెషీన్ (ఇంట్లోనే తెడ్డు లాగే సాధన చేసే యంత్రం) మీద కూర్చుంటారు. మా తొమ్మిదేళ్ల పాపను ప్రతి ఆదివారం వెయింగ్ మెషీన్ ఎక్కించి నోట్‌బుక్‌లో రాసుకుంటారు. మొన్న అది "నాన్న వచ్చేలోపు నా కంచం తీసేయమ్మా" అంది. మావయ్యగారు పడవ మీద చేపల వేటకెళ్లే మనిషి. పెన్షన్ తీసుకుని ఊరొచ్చేయమని రోజూ ఫోన్ చేస్తున్నారు. ఉద్యోగం మానేయమని ఆయనకు చెప్పమంటారా? నేను టీచర్ ఉద్యోగం వదులుకుని వచ్చాను.

జవాబు: అమ్మా, ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ వెయింగ్ మెషీన్ సంగతి తేల్చండి. వచ్చే ఆదివారం పాప దాని మీదికి ఎక్కకూడదు. ఈ ఒక్క విషయంలో ఆయన ఒప్పుకునేదాకా ఆగక్కర్లేదు. అలాగని గొడవకు దిగొద్దు. పాప కంచం గురించి అన్న మాట ఉంది చూశారూ, దాన్ని ఉన్నదున్నట్టు ఆయన చెవిన వేయండి. మీ వ్యాఖ్యానం ఏదీ కలపొద్దు. తొమ్మిదేళ్ల పిల్ల బరువు పెరగాలి, పెరగకపోతేనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అది భోజనం ఎగ్గొడుతున్నా, తినేది దాచుకుని తింటున్నా పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించండి.

ఇంతకీ ఆయన పాపను ఎందుకు తూస్తున్నారు? లైట్‌వెయిట్‌లో మగవాళ్లు 72.5 కిలోలు దాటకూడదు. ఇద్దరుండే పడవలో సగటు 70కి మించకూడదు. అంటే ఈయన 71 ఉంటే తోడున్నవాడు 69కి దిగాలి. రేసుకు రెండు గంటల ముందు నుంచి గంట ముందు లోపల తూకం వేస్తారు. నా దగ్గరికొచ్చిన ఒక మాజీ రోవర్ చెప్పాడు: స్వెటర్ మీద స్వెటర్ వేసుకుని ఎండలో పరుగెత్తేవాళ్లట, నీళ్లు నోట్లో పోసుకుని మింగకుండా ఉమ్మేసేవాళ్లట. ఒకసారి తనకు 200 గ్రాములు ఎక్కువొస్తే పక్కవాడు రాత్రంతా మంచినీళ్లు ముట్టలేదని చెబుతూ ఏడ్చాడు. మీవారు అన్నేళ్లు అలా బతికారు. ఆయన లెక్కలో బరువు చూడటం అంటే శ్రద్ధ చూపించడం. పాప మీద ప్రేమ ఆ దారిలోనే బయటికొస్తోంది. దారి తప్పు, ప్రేమ తప్పు కాదు.

ఇక ఆ ఈవెంట్ సంగతి. లైట్‌వెయిట్ 1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చింది, 2024 పారిస్‌తో అయిపోయింది. 2028 లాస్ ఏంజిలిస్‌లో ఒడ్డున ఇసుకలో పరుగెత్తి పడవెక్కే బీచ్ స్ప్రింట్ పెడుతున్నారు. ఓడిపోయినవాడు ఒక ఏడుపు ఏడ్చి లేస్తాడు. ఈయన్ని ఎవరూ ఓడించలేదు, ఆడే చోటే లేకుండా పోయింది. వయసు 37, ఎలాగూ మానాల్సిందే కదా అని మీరు అనొచ్చు. దయచేసి అనకండి. ఆ లెక్క ఆయనకు మనకన్నా బాగా తెలుసు.

రాత్రి పూట మెషీన్ విషయంలో ఒకటి గమనించండి. స్క్రీన్ మీద రేసు దూరం 2,000 మీటర్లకు టైమ్ పెట్టుకుని లాగుతున్నారా, ఊరికే మెల్లగా లాగుతున్నారా? మెల్లగా అయితే పర్వాలేదు. అంత కష్టపడిన ఒంటికి ఒక్కసారిగా పని ఆపేయడం కూడా మంచిది కాదు. సమయం మాత్రం సాయంత్రానికి మార్పించండి. టైమ్ పెట్టుకుని లాగుతుంటే మాత్రం, ఎవరూ పిలవని సెలెక్షన్‌కు రోజూ హాజరవుతున్నట్టే. నడుము నొప్పి, పక్కటెముకల్లో నొప్పి రోవర్లకు మామూలే, బయటికి చెప్పకపోవడం అంతకన్నా మామూలు. అదీ కనుక్కోండి.

పడవలో రోవర్ గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. కోచ్ పక్కన మోటారు బోటులో ఎదురుగా చూస్తూ వెళ్తాడు. మీవారికి తెడ్డు నీళ్లలో ఏ క్షణాన దించాలో చేతులకు తెలుసు, ఆ తెలిసిందాన్ని మాటల్లో పెట్టడం ఇంకా రాలేదు. మాట దొరకనప్పుడు అరుపొస్తుంది. 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్ స్కల్స్ (ఒక్కరే రెండు తెడ్లతో నడిపే పడవ పోటీ) గెలిచి, రోయింగ్‌లో మన దేశానికి ఆ క్రీడల మొదటి స్వర్ణం తెచ్చిన బజరంగ్ లాల్ తాఖర్ కూడా ఆర్మీ మనిషే, రాజస్థాన్ వాడు. తర్వాత కోచ్ అయ్యారు. ఆయన శిక్షణలోని బల్‌రాజ్ పన్వర్ 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. స్వర్ణం తెచ్చినంత మాత్రాన నేర్పడం రాదు, అది విడిగా నేర్చుకోవాల్సిన పని. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ కోర్సుల గురించి అడిగి చూడమనండి. రిటైరైన క్రీడాకారుల కోసమే 2024లో కేంద్ర క్రీడాశాఖ రీసెట్ అని ఒక శిక్షణ మొదలుపెట్టింది, దాని వివరాలూ కనుక్కోమనండి. క్లాసులో కూర్చుంటే ఆయనకు మళ్లీ విద్యార్థి అవడం అలవాటవుతుంది, అరుపులు వాటంతటవే కొంత తగ్గుతాయి.

ఒక్క విషయంలో మాత్రం నేను మెత్తగా మాట్లాడను. అక్కడి పిల్లల చేత కూడా బరువు తగ్గిస్తున్నారేమో కనుక్కోండి. ప్రపంచ జూనియర్ చాంపియన్‌షిప్‌లో అసలు లైట్‌వెయిట్ విభాగమే లేదు. అది ఆయనకు తెలియనిది కాదు. ఆ మాట మీ నోటి నుంచి వింటే కాస్త ఉలిక్కిపడతారు, పడనివ్వండి.

మీ మావయ్యగారి మాట ఇప్పుడే వినొద్దని నా సలహా. పెన్షన్‌కు కావాల్సిన 15 ఏళ్ల సర్వీసు ఎప్పుడో దాటి ఉంటుంది కాబట్టి అది ఎక్కడికీ పోదు. మనసు ఇంత కలతలో ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాలు నిలవవు. 1996లో నాలుగో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన బ్రిటన్ రోవర్ స్టీవ్ రెడ్‌గ్రేవ్, ఇకమీదట నేను పడవ దగ్గర కనిపిస్తే కాల్చేయండి అని టీవీలో అన్నాడు. 2000 సిడ్నీలో ఐదోది గెలిచాడు. అంతటివాడి మాటే నిలవలేదు. అయితే సెలవులకు ఊరు వెళ్లండి. మావయ్యగారి వెంట ఆయన్ని రెండు రోజులు వేటకు పంపండి. స్టాప్‌వాచ్ లేని పడవ ఎక్కి ఎన్నాళ్లయిందో.

ఆయనతో మాటలు ఎలా మొదలుపెట్టాలా అని టెన్షన్ పడకండి. "ఎందుకిలా అయిపోయారు" అని అడిగితే జవాబు రాదు. పాప పడుకున్నాక, గిన్నెలు సర్దుకుంటూ "ఆఖరి రేసు రోజు పొద్దున ఏం తిన్నారు?" అని అడగండి. ఆయనకు గ్రాములతో సహా గుర్తుంటుంది. అక్కడి నుంచి ఆయనే చెబుతారు. మధ్యలో ఓదార్చొద్దు, సలహా ఇవ్వొద్దు. ఆ రేసు గురించి ఇంతవరకూ ఇంట్లో ఎవరూ అడిగి ఉండరని నా అనుమానం.

రెండు వారాలు దాటినా నిద్ర లేకపోతే, తాగుడు మొదలైతే, బతికి ఏం లాభం అన్న మాట ఒక్కసారి వినిపించినా ఆగొద్దు. టెలి మానస్ నంబర్ 14416 ప్రభుత్వానిదే, తెలుగులోనూ మాట్లాడతారు. యూనిట్ డాక్టర్‌కు చెబితే పరువు పోతుందని ఆయన అంటే, ఆ నంబర్‌కు మీరే ముందు ఫోన్ చేసి మాట్లాడండి.

ఇంత పెద్ద ఉత్తరంలో మీ గురించి ఒక్క వాక్యం రాశారు, అదీ చివర్లో. ఆయన క్యాంపులకు తిరిగిన ఏళ్లన్నీ ఇల్లు, పాప మీ మీదే నడిచాయి. ఇప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటే ఇంట్లో ఆ పూట అలా గడుస్తోంది. మీకు రోజులో కొన్ని గంటలు ఆ ముఖం చూడకుండా గడవాలి, చేతిలో సొంత జీతం ఉండాలి. కంటోన్మెంట్ చుట్టుపక్కల స్కూళ్లలో జూన్‌కు ముందే టీచర్లను తీసుకుంటారు. మీ సర్టిఫికెట్లు ఏ ట్రంకు పెట్టె అడుగున ఉన్నాయో ఈ రాత్రే వెతకండి.