పాఠకుల ప్రశ్నలు: లాటిన్ ఇంపర్ఫెక్ట్, రోమన్ల పూజలు

ప్రశ్న: లాటిన్ స్వయంగా నేర్చుకుంటున్నాను. ఇంపర్ఫెక్ట్ అనే గతకాల క్రియారూపాల పట్టిక కంఠతా వచ్చింది గానీ ఎక్కడ వాడాలో తెలియడం లేదు. మా పుస్తకంలో అదే పాఠంలో రోమన్ల మతం గురించి కూడా ఉంది. రెండూ కలిపి చదవాలా?

జవాబు: కలిపే చదవండి. ఇంపర్ఫెక్ట్ ఒకసారి జరిగి ముగిసిపోయిన పనిని చెప్పదు. అలవాటుగా జరిగినదాన్ని, లేదా అప్పటికి ఇంకా సాగుతున్నదాన్ని చెబుతుంది. రోమన్ల మతం నిండా అలాంటి పనులే. నమ్మకాన్ని ప్రకటించడం కంటే కర్మ లోపం లేకుండా జరగడం వాళ్లకు ముఖ్యం. తెలుగులో 'మొక్కేవాడు', 'మొక్కుతూ ఉన్నాడు' వేర్వేరు. లాటిన్‌లో రెంటికీ ఓరాబత్ ఒక్కటే. 'మొక్కాడు' అనాలంటే పర్ఫెక్ట్: ఓరావిత్.

మొదట ఇంటి పూజ తీసుకోండి. లరేస్ ఇంటిని కాచే దేవతలు, పెనాతేస్ సరుకుల గదికి కాపు. పూజ చేసేది ఇంటి యజమాని, అంటే పతెర్ ఫమిలియాస్. రోమన్ల పాత నగరం పొంపేయిలో వెత్తీల ఇంటి పూజాగూటిలో ఈ లోకమంతా బొమ్మకట్టి ఉంది: అటూ ఇటూ ఇద్దరు లరేస్, మధ్యలో తల కప్పుకున్న గెనియుస్ (ఇంటి యజమానిని కాచే శక్తి), కింద పాము. ఆ బొమ్మ చూస్తూ వాక్యాలు రాయండి. 'పతెర్ ఫమిలియాస్ లరిబుస్ వీనుమ్ దబత్': యజమాని లరేస్‌కు ద్రాక్షమద్యం సమర్పించేవాడు. 'కపుత్ వేలాబత్': తల కప్పుకునేవాడు. కలెందే (నెల మొదటి రోజు), నోనే (5 లేదా 7వ రోజు), ఈదూస్ (13 లేదా 15వ రోజు) అనే మూడు రోజుల్లోనూ, పండుగల్లోనూ పొయ్యి మీద పూలదండ పెట్టాలని రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో పొలం చూసుకునే వాడి భార్యకు విధించాడు. దాన్ని 'ఒమ్నిబుస్ కలెందీస్ కొరోనమ్ ఇన్ ఫొకో పోనేబత్' (ప్రతి నెల మొదటి రోజునా పొయ్యి మీద దండ పెట్టేది) అని రాయవచ్చు. 'ప్రతి నెల మొదటి రోజునా' అనే మాట ఉంది కనుక ఇక్కడ ఇంపర్ఫెక్టే సహజం.

ప్రశ్న: అమాబత్, అమాబిత్ తికమక పెడుతున్నాయి. ఇంకా ఎక్కడెక్కడ పొరపాట్లు వస్తాయి?

జవాబు: ఆ రెంటి మధ్య తేడా ఒక్క అచ్చే. -బత్ గతం (అమాబత్: ప్రేమించేవాడు), -బిత్ భవిష్యత్తు (అమాబిత్: ప్రేమిస్తాడు). 'బ' కనబడగానే గతం అనుకోకుండా దాని తర్వాతి అచ్చు చూడండి. లాటిన్ క్రియలు నాలుగు గణాలు; ఈ చిక్కు మొదటి, రెండో గణాల్లోనే. మూడో గణంలో భవిష్యత్తుకు 'బ' రాదు: కొలేబత్ పూజించేవాడు, కొలెత్ పూజిస్తాడు.

ప్రత్యయాలు -బమ్, -బాస్, -బత్, -బాముస్, -బాతిస్, -బంత్. మూడో గణంలో వాటి ముందు 'ఏ' వస్తుంది, నాలుగో గణంలో 'ఇయే': కుస్తోదియేబంత్ (కాపాడేవారు). ఈ 'ఏ'ను మింగేయడం చాలామంది చేసే తప్పు. 'ఉండు' క్రియకు 'బ' అసలు ఉండదు: ఎరమ్, ఎరాస్, ఎరత్.

పర్ఫెక్ట్‌తో తేడా తెలియాలంటే భంగమైన కర్మను తలచుకోండి. వేడుక జరుగుతుండగా పిల్లనగ్రోవి ఊదేవాడు హఠాత్తుగా ఆగితే అది విధిగా జరగనట్టేనని రోమన్ వక్త సిసెరో ప్రసంగంలో ఉంది. అలా చెడిన కర్మను మళ్లీ మొదటి నుంచి చేసేవారు. 'తీబీకెన్ కనేబత్, రెపెంతె తకుయిత్': పిల్లనగ్రోవి వాడు ఊదుతూ ఉన్నాడు, హఠాత్తుగా ఆగాడు. సాగుతున్నది ఇంపర్ఫెక్ట్, తెగినది పర్ఫెక్ట్. అయితే 'దుమ్' అనే మాటతో 'ఊదుతూ ఉండగా' అని చెప్పేటప్పుడు గతంలోనైనా సాధారణంగా వర్తమానమే: 'దుమ్ కనిత్'. ఈ నియమం తెలియక అక్కడా కనేబత్ రాసేస్తుంటారు.

ప్రశ్న: వెస్టల్ కన్యల గురించి నాలుగు వాక్యాలు రాయమన్నారు. ఏ కాలాలు వాడాలి?

జవాబు: వాళ్లు పొయ్యి దేవత వెస్తాకు పూజారిణులు; ఆరుగురు, సేవ 30 ఏళ్లు. వెస్తా గుడిలోని పవిత్రాగ్నిని కాయడం నిత్యకృత్యం: 'వెస్తాలేస్ ఇగ్నెమ్ కుస్తోదియేబంత్.' ఏటా మార్చి 1న ఆ అగ్నిని కొత్తగా వెలిగించేవారు, ఇదీ ఇంపర్ఫెక్టే. 'ఒక రాత్రి ఆరిపోయింది' అంటే పర్ఫెక్ట్. ఆరిపోతే బాధ్యురాలైన కన్యకు పొంతిఫెక్స్ మాక్సిముస్ (రోమన్ల ప్రధాన పూజారి) కొరడా దెబ్బలు వేయించేవాడు. ఇది ప్రతిసారీ వర్తించిన నియమం కాబట్టి మళ్లీ ఇంపర్ఫెక్ట్. ఒకే కన్యకు పడిన ఒకే శిక్ష గురించి రాస్తే మాత్రం పర్ఫెక్ట్ వాడండి.