నాన్నగారు పాలియేటివ్ కేర్ వైపు మొగ్గుతుంటే ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి?

ఊపిరితిత్తుల క్యాన్సర్ నాన్నగారి ఎముకలకు పాకిందని, ఇక కీమో కన్నా పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించి ఊరటనిచ్చే వైద్యం) మేలని డాక్టరు చెప్పారని, ఆయనకూ అదే ఇష్టమని, బంధువులు మాత్రం ‘అప్పుడే వదిలేస్తారా’ అంటున్నారని రాశారు. మీది నరసాపురం, మాది అమలాపురం దగ్గర. అమ్మకు రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకినప్పుడు మా ఇంట్లోనూ ఇదే వాదన జరిగింది.

ముందు నాన్నగారి దగ్గర కూర్చుని, ఆయనకు దేనికి భయంగా ఉందో, ఏం కావాలో అడగండి. అమ్మ చావు ఊసే ఎత్తలేదు. “రాత్రిళ్ళు ఈ నొప్పి భరించలేను, నన్ను ఇంట్లోనే ఉంచండి” అంది. ఆ తర్వాత ఏ నిర్ణయమైనా ఆ మాటను బట్టే తీసుకున్నాం. బంధువులకు కూడా మీ ఇంట్లో ఒక్కరే జవాబు చెప్పండి: ఇది నాన్నగారి కోరిక అని.

పాలియేటివ్ కేర్ అంటే వైద్యం మానేయడం అనుకోవడం వల్లే ఈ గొడవంతా. అమెరికాలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల మీద జరిగిన అధ్యయనం 2010లో వెలువడింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్ అందినవారు మిగతావారి కన్నా రెండు నెలలకు పైగా ఎక్కువ బతికారు. ఎముక నొప్పికి ఒకే విడత రేడియేషన్‌తో చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. అది నాన్నగారికి పనికొస్తుందేమో అడగండి.

మార్ఫిన్ అనగానే మా పెద్దమ్మ, మత్తుమందు అలవాటు చేస్తారా అని ఏడ్చింది. క్యాన్సర్ నొప్పికి డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే వ్యసనమయ్యే భయం చాలా తక్కువ. మామూలు మార్ఫిన్ మాత్రయితే సాధారణంగా నాలుగు గంటలకొకటి, నొప్పి ముదిరేదాకా ఆగకుండా వేళకు వేయాలి. మలబద్ధకం దాదాపు ఖాయం, విరేచనం మందు మొదటి రోజే రాయించుకోండి. 2014లో మత్తుమందుల చట్టం సవరించాక గుర్తింపు పొందిన ఆసుపత్రులు మార్ఫిన్ ఇవ్వడం సులువైంది గానీ, ఊళ్ళో మందుల షాపులో దొరుకుతుందని నమ్ముకోకండి. భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడల్లో ఎక్కడ ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి. సంక్రాంతి సెలవుల్లో మాత్రలు నిండుకుంటే చాలా కష్టం.

మోతాదు కుదిరాక, అంతవరకూ దిండ్లకు ఆనుకుని కూర్చునే తెల్లవార్చిన అమ్మ వెల్లకిలా పడుకోగలిగింది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అడిగి చేయించుకుని రెండు ముద్దలు తింది, ఉప్పు చాల్లేదని వదినను మందలించింది కూడా. ఆ పూట ఇంటిల్లిపాదికీ ప్రాణం లేచొచ్చింది.

ఎముకలకు పాకిందన్నారు కనుక ఒక జాగ్రత్త. కాళ్ళు ఉన్నట్టుండి పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము మీద ఒత్తిడి పడుతుండవచ్చు. ఇంట్లో చూస్తూ కూర్చోకుండా, అర్ధరాత్రయినా సరే, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.